ఆ చిక్కుడు తీగ ఎందుకు కాయలేదు?

(మార్చి నెల మూడో ఆదివారం మన ఆలయ భోజనశాలలో సభ్యుల కోసం ఏర్పాటుచేసిన పెరటి తోటల సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం. వినలేకపోయినవారు అడిగినందువల్ల ఇక్కడ ఇస్తున్నాం.)



ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను వ్యవసాయం చదువుకున్నదాన్ని కాదు. తెనాలి దగ్గర పల్లెటూర్లో పుట్టాను, మధ్య న్యూజెర్సీలో ఇరవై ఏళ్ళు దాటి ఉంటున్నాను. ఉద్యోగం కంప్యూటర్ల మీద, సాయంత్రం మట్టిలో. ఇన్నేళ్ళలో పండించినదానికంటే పాడుచేసిందే ఎక్కువ. కాబట్టి ఈ అరగంటలో మీకు చెప్పబోయేది ఎక్కువగా నా తప్పుల జాబితా అనుకోండి. మీరు ఆ తప్పులు మళ్ళీ చెయ్యకుండా, కొత్త తప్పులు చేసుకుంటే చాలు.

కమిటీవారు నన్ను మాట్లాడమన్నప్పుడు, ఏం చెప్పాలా అని ఆలోచిస్తే మా అత్తయ్య గుర్తొచ్చారు. ఆవిడ కథతోనే మొదలుపెడతాను.

2009 ఏప్రిల్ చివర్లో అత్తయ్య మొదటిసారి మా దగ్గరికి వచ్చారు, విజిటర్ వీసా మీద, ఆరు నెలలకి. మీలో చాలామందికి తెలుసు ఆ ఆరు నెలలు ఎలా ఉంటాయో. పొద్దున్నే మేమిద్దరం ఉద్యోగాలకి, పిల్లలు బడికి. ఆవిడ ఇంట్లో ఒక్కరే. కారు నడపడం రాదు, పక్కింటివాళ్ళతో భాష రాదు, టీవీ ఎంతసేపని చూస్తారు? రెండో వారంలో నన్ను అడిగారు: "అమ్మాయ్, వెనకాల అంత జాగా ఉంది, గడ్డి పెంచి కొయ్యడం తప్ప మీరేం చెయ్యరా?"

మే నెల మధ్యలో గరాజు గోడ పక్కన ఆవిడే గడ్డి తవ్వి నాలుగు పాదులు చేశారు. మాకు తెలిసిన ఒకరింట్లో దొరికిన మన వైపు చిక్కుడు గింజలు పెట్టారు. అన్నీ మొలిచాయి. ఇంక చూడండి, ఆ తీగలు పెరిగిన తీరు! జూలైకి పందిరి నిండింది. ఆగస్టుకి గరాజు కప్పు ఎక్కింది. ముదురాకుపచ్చ ఆకులు, పచ్చగా నిగనిగలాడుతూ. మా అత్తయ్య పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళి ఆ పందిరి కింద కూర్చునేవారు. ఆ తీగలతో మాట్లాడేవారు కూడా. ఆవిడకి పగలు మాట్లాడటానికి వేరే ఎవరున్నారు?

కానీ ఒక్క పువ్వు లేదు.

ఆగస్టు అయింది, సెప్టెంబరు వచ్చింది. పేడ ఎరువు సంచీలు కొనిపించారు. చివుళ్ళు తుంచారు. బూడిద చల్లారు. సెప్టెంబరు చివర్లో ఒకటీ అరా ఊదారంగు మొగ్గలు కనపడ్డాయి. అక్టోబరు మధ్యలో ఆవిడ ప్రయాణం. విమానాశ్రయానికి బయల్దేరే ముందు కూడా వెనక్కి వెళ్ళి చూసి వచ్చారు. కారులో కూర్చున్నాక అన్నారు: "నా చెయ్యి ఈ ఊరికి అచ్చిరాలేదే అమ్మాయ్."

ఆవిడ వెళ్ళిన పదో రోజు రాత్రి మంచు పడింది. పొద్దున లేచి చూస్తే పందిరంతా ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడుతోంది. అప్పటికి వేలెడు పిందెలు పది ఉన్నాయేమో.

ఆ ఆదివారం ఫోన్లో అడిగారు, కాసిందా అని. నేను అబద్ధం చెప్పాను. "కాసింది అత్తయ్యా, అల్లం పచ్చిమిర్చి వేసి కూర చేశాను" అన్నాను. "నాలుగు కాయలు విత్తనానికి ముదరనియ్యి" అన్నారు. సరేనన్నాను. ఆ మాట నన్ను రెండేళ్ళు గుచ్చుతూనే ఉంది.

రెండేళ్ళ తర్వాత చలికాలంలో మా కౌంటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో ఒక సాయంత్రం తరగతికి వెళ్ళాను. అక్కడ మాస్టర్ గార్డెనర్ స్వచ్ఛంద సేవకురాలు ఒకావిడ, నేను చిక్కుడు కథ చెబితే నవ్వి, నన్ను ఒకటే అడిగింది: "మీ ఊర్లో జూన్ నెలలో పగలు ఎన్ని గంటలు ఉంటుంది?" ఇంటికి వచ్చి లెక్క చూశాను. తెనాలిలో అత్యంత పెద్ద పగలు సుమారు 13 గంటలు. మన న్యూజెర్సీలో సుమారు 15. తేడా రెండు గంటలు. ఆ రెండు గంటలే మా అత్తయ్య చిక్కుడుని కాయనివ్వలేదు.

సంగతి ఇదీ. కొన్ని మొక్కలు పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉంటేనే పూస్తాయి. నిజానికి అవి కొలిచేది రాత్రి నిడివినే. దీన్ని 1920లో లోకానికి చెప్పినవాళ్ళు గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు. వాళ్ళకి ఈ సంగతి పట్టిచ్చింది పొగాకు మొక్క. మన గుంటూరు వాళ్ళకి పొగాకు గురించి ఒకరు చెప్పక్కర్లేదు కదా! 'మేరీలాండ్ మామత్' అనే రకం ఒకటి వేసవంతా మనిషిని మించి ఎత్తు పెరుగుతుందే తప్ప పూయదు. వాళ్ళు మధ్యాహ్నం దాటగానే కొన్ని మొక్కల్ని చీకటి కొట్లో పెట్టి, మర్నాడు పొద్దున బయటికి తెచ్చారు. పగలు పొట్టిదైంది. మొక్క పూసింది. మా గరాజు కప్పు ఎక్కిన చిక్కుడు కథ కూడా అచ్చం ఇదే. మనం పెట్టే పాతరకం పందిరి చిక్కుడు, పగలు 12 గంటల దరిదాపుకి వచ్చేదాకా పూత గురించి ఆలోచించదు. ఇక్కడ ఆ రోజు సెప్టెంబరు 20 దాటాక వస్తుంది. పూత, పిందె, కాయ అయ్యేలోపు అక్టోబరు మంచు. ఎరువు వేసినా, చివుళ్ళు తుంచినా, దణ్ణం పెట్టినా లాభం లేదు.

ఆ రాత్రే అత్తయ్యకి ఫోన్ చేశాను. ముందు నా అబద్ధం ఒప్పుకున్నాను. తర్వాత ఈ పగలు రాత్రి సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "అవునే, మనకైనా చిక్కుడు వేసవిలో ఎప్పుడు కాసింది? రథసప్తమికి కదా చిక్కుడుకాయలతో రథం కట్టేది, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేది!" నిజమే కదండీ. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. కార్తీకం నుంచి మాఘం దాకా, పగళ్ళు పొట్టిగా ఉండే రోజుల పంట అది. ఆవిడకి తెలిసిన విషయమే, నాకూ తెలిసిన విషయమే. విమానం దిగేసరికి ఇద్దరం మర్చిపోయాం.

చివరికి ఆవిడ అన్న మాట: "అయితే నా చెయ్యి కాదన్నమాట."

అందుకే ఇవాళ ఈ కథ చెప్పాను. వచ్చే నెలా పై నెలా మనలో చాలామంది ఇళ్ళకి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. వచ్చినవాళ్ళు తోట వేస్తారు. వాళ్ళలో ఎవరూ కూడా తమది కాని తప్పుని తమదనుకుని వెనక్కి వెళ్ళకూడదు. దానికి మనం తెలుసుకోవాల్సింది ఒక్కటే: విత్తనం మన ఊరిదే కావచ్చు, ఆకాశం మాత్రం ఇక్కడిది. పంచాంగం ఇక్కడి ఎండని చూసి వేసుకోవాలి.

ఇప్పుడు సంతోషమైన మాట. చిక్కుడుని ఏడిపించిన ఆ పొడుగాటి పగలే మనకి ఒక వరం ఇచ్చింది. అదేంటో చెప్పండి?

ఎవరో సరిగ్గానే అన్నారు. గోంగూర!

గోంగూర కూడా పొట్టి పగళ్ళకే పూస్తుంది. మన దగ్గర చలికాలం వచ్చేసరికి పూతకొచ్చి ఆకు చిన్నదైపోతుంది. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా పూత ఊసే ఉండదు, కాబట్టి కోసినకొద్దీ ఆకే. చిక్కుడులో మనకి కావలసింది కాయ, గోంగూరలో కావలసింది ఆకు. ఒకే ఎండ ఒకదానికి శాపం, ఒకదానికి వరం.

ఇంక మూడో జాతి, తిరగబడే జాతి. పాలకూర, కొత్తిమీర. వీటికి పగలు పెరిగి వేడెక్కితే పూత వస్తుంది. అందుకే మే నెలలో చల్లిన కొత్తిమీర జూన్ చివరికి కాడ వేసి తెల్లగా పూస్తుంది. "మాకు కొత్తిమీర రాదండీ" అంటుంటారు. వస్తుంది. ఏప్రిల్ మొదట్లో ఒకసారి, ఆగస్టు చివర్లో ఒకసారి చల్లండి. మెంతికూర కూడా అలాగే. నడిమధ్య వేసవిలో ఆకుకూర కావాలంటే తోటకూర, బచ్చలి ఉన్నాయి. ఎండని చూస్తే వాటికి పండగే.

చిక్కుడు మీద మనసు చంపుకోలేనివాళ్ళకి ఒక దారి ఉంది. పగటి నిడివితో పనిలేని పొద చిక్కుడు రకాలున్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. అవి దొరకకపోతే బొబ్బర కాయలు, గోరుచిక్కుళ్ళు పెట్టుకోండి. ఇక్కడి వేసవి వాటికి సరిపోతుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. నెలలవారీగా చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మార్చి. ఈ నెలలోనే వంకాయ, మిరప, టమాటా గింజలు ఇంట్లో ట్రేలలో పెట్టాలి. మిరపకి, వంకాయకి బాగా వెచ్చదనం కావాలి. ఫ్రిజ్ పైనో, హీటింగ్ మ్యాట్ మీదో పెడితే తొందరగా మొలుస్తాయి. మొలిచాక మాత్రం వెలుతురు చాలాలి. కిటికీ వెలుతురు చాలక మొలకలు సన్నగా పొడుగ్గా పడిపోతుంటాయి. గరాజులో వాడే మామూలు ఎల్ఈడీ ట్యూబులైట్ మొక్కకి మూడు నాలుగు అంగుళాల ఎత్తులో వేలాడదీస్తే సరిపోతుంది.

ఈ నెలలో చెయ్యాల్సిన ఇంకో పని మట్టి పరీక్ష. రట్గర్స్ విశ్వవిద్యాలయం మట్టి పరీక్ష ప్రయోగశాలకి మన కౌంటీ కార్యాలయం ద్వారా మట్టి పంపించవచ్చు. ఎందుకంటున్నానో వినండి. అమెరికాలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం కలపడాన్ని 1978లో నిషేధించారు. మీ ఇల్లు అంతకుముందు కట్టిందైతే, గోడల నుంచి రాలిన పాత రంగు పెచ్చులు గోడ పక్క మట్టిలోనే ఉంటాయి. మా అత్తయ్య తవ్వింది సరిగ్గా గరాజు గోడ పక్కనే! మా ఇల్లు కొత్తది కాబట్టి బతికిపోయాం. పాత ఇంట్లో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా చిన్నపిల్లలున్నవాళ్ళు, సీసం పరీక్ష కూడా ప్రత్యేకంగా అడిగి చేయించుకోండి. అనుమానముంటే గోడకి దూరంగా చెక్కపెట్టె కట్టి, కొన్న మట్టి పోసి అందులో వెయ్యండి.

ఏప్రిల్. సొర, బీర, కాకర గింజలు నెలాఖరున ఇంట్లో చిన్న కప్పుల్లో పెట్టాలి. ఈ గింజల పెంకు గట్టిది. గోళ్ళు కత్తిరించే కత్తెరతో మొన దగ్గర కొంచెం చిట్లగొట్టి, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచండి. మొలక కనపడ్డాక కప్పులోకి. తీగజాతికి వేళ్ళు కదిలిస్తే కోపం. అందుకే మట్టిలో కలిసిపోయే కాగితపు కప్పులైతే మంచిది.

మే. అందరం తొందరపడే నెల ఇదే. మొదటి వారం ఎండ చూసి మొక్కలు బయట పెట్టేస్తాం. ఒక్క చలిరాత్రి అన్నిటినీ ముడుచుకుపోయేలా చేస్తుంది. మదర్స్ డే దాటేదాకా ఆగండి. గోంగూర, బెండ, సొర, బీరలకి మట్టి కూడా వెచ్చబడాలి, అంటే మే 20 తర్వాతే సుఖం. ఇంట్లో పెరిగిన మొక్కని ఒక్కసారిగా ఎండలో పెట్టకండి. వారం రోజులు రోజుకో రెండు గంటలు పెంచుతూ అలవాటు చెయ్యండి.

మొదటిసారి వేసేవాళ్ళు నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడుగు ఉన్న ఒక్క మడితో మొదలుపెట్టండి. పది గోంగూర మొక్కలు, నాలుగు బెండ, రెండు వంగ, రెండు మిరప. పక్కన కంచెకి ఒక సొర, ఒక బీర. నలుగురున్న ఇంటికి ఇది ఎక్కువే. నేను మొదటి ఏడు పన్నెండు సొరపాదులు పెట్టాను. సెప్టెంబరులో నన్ను చూస్తే స్నేహితులు కారు అద్దాలు ఎత్తేసుకునేవారు!

జూన్, జూలై. ఇప్పుడు నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. "సొర పిందెలు వేలెడయ్యి పసుపుపచ్చగా రాలిపోతున్నాయండీ, ఏ మందు కొట్టాలి?" మందేమీ వద్దు. పెళ్ళి జరగలేదు, అంతే. సొరపువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది. అప్పటికి తేనెటీగలు ఇంటికి వెళ్ళిపోయి ఉంటాయి. దానికి రాత్రి తిరిగే చిమ్మటలు రావాలి, మన వీధిదీపాల మధ్య అవి సరిగ్గా రావు. ఆ పని మనమే చెయ్యాలి. చీకటి పడే వేళ వెళ్ళి, సన్నకాడ ఉన్న మగపువ్వుని తుంచి, రేకలు తీసేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో సున్నితంగా అద్దండి. బీరపువ్వు కూడా సాయంత్రమే పూస్తుంది. కాకర, దోస, గుమ్మడి పొద్దున పూస్తాయి, వాటి సంగతి తేనెటీగలు చూసుకుంటాయి. మొదట్లో పదిహేను రోజులు అన్నీ మగపువ్వులే వస్తాయి, కంగారుపడకండి. సొరతీగ ఆరేడు అడుగులు పెరిగాక కొస తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. ఆడపువ్వులు ఎక్కువ ఆ కొమ్మల మీదే.

మా ఇంట్లో ఈ పని పిల్లలది. రాత్రి భోజనానికి ముందు టార్చిలైటు పట్టుకుని వెళ్ళేవాళ్ళు. తెలుగులో తిథులు నేర్పలేకపోయాను గానీ, ఏ పువ్వు ఏ వేళ విచ్చుతుందో మాత్రం నేర్చుకున్నారు.

పురుగుల గురించి రెండు మాటలు. గుమ్మడి, సొర ఆకుల అడుగున రాగిరంగులో గుంపుగా గుడ్లు కనపడితే గోటితో గీకెయ్యండి. వారానికి రెండుసార్లు చూస్తే చాలు. దోసపాదుల మీద పసుపు నలుపు చారల చిన్న పురుగులొస్తాయి. అవి తినేది తక్కువే, కానీ తీగ వాడిపోయే తెగులు అంటిస్తాయి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు పల్చటి తెల్లగుడ్డ కప్పి ఉంచి, పూత రాగానే తీసెయ్యండి. తియ్యడం మర్చిపోతే తేనెటీగలు రాలేక కాపే ఉండదు. ఇంక జింకలు. జింకకి మీ తోట, మా తోట అని లేదు. ఏడెనిమిది అడుగుల వల కట్టడం తప్ప నాకు వేరే మార్గం కనపడలేదు. సబ్బుముక్కలు, వెంట్రుకలు, కారం అన్నీ వేశాను. కారం వేసిన బెండాకులు ఇంకా ఇష్టంగా తిన్నాయి.

కోత దగ్గర జాగ్రత్త ఒకటి చెప్పాలి. ఇది నవ్వులాట కాదు, దయచేసి వినండి. సొరకాయ, బీరకాయ, దోసకాయ కొయ్యగానే తొడిమ దగ్గర గోరంత ముక్క నాలుకకి తగిలించి చూసి ఉమ్మెయ్యండి. చేదుగా ఉంటే కాయంతా పారెయ్యండి. వండితే ఆ చేదు విషం పోదు. చేదు సొరకాయ రసం తాగి రక్తపు వాంతులతో ఆసుపత్రి పాలైనవాళ్ళు, ప్రాణం పోయినవాళ్ళు మన దేశంలో ఉన్నారు. కాకరకాయ చేదు వేరు, అది దాని సహజగుణం. సొరకి చేదు ఉండకూడదు. ఇంకో సంగతి, మీ పక్కింటివాళ్ళు అలంకారానికి గట్టిపెంకు సొరబుర్రలు పెంచుతుంటే, మీ సొరకాయ నుంచి విత్తనం దాచకండి. ఆ రెండూ ఒకే జాతి. పుప్పొడి కలిస్తే ఆ ఏడు కాయ బాగానే ఉంటుంది, ఆ గింజ నుంచి వచ్చే ఏడు కాసేది చేదు కావచ్చు.

ఇక వంట. ఇంతసేపూ దీనికోసమే కూర్చున్నారని నాకు తెలుసు!

గోంగూర కొయ్యడం మొదలుపెట్టేది మొక్క మోకాలెత్తు రాగానే. కొస తుంచితే పక్కకి గుబురుగా వస్తుంది. పది మొక్కల నుంచి పది రోజులకి అరకిలో ఆకు తేలిగ్గా వస్తుంది. నిలవ పచ్చడికైతే ఆకు కడిగి, పాత కాటన్ చీర మీద నీడలో పరిచి, చెమ్మ అన్నది లేకుండా ఆరబెట్టాలి. బూజు పట్టేది ఆ చెమ్మ వల్లే. మూకుట్లో నూనె వేసి ఆకు రంగు మారి ముద్దయ్యేదాకా మగ్గించండి. వేరే నూనెలో ఇరవై ఎండుమిరపకాయలు, చెంచాడు ధనియాలు, అరచెంచా మెంతులు, జీలకర్ర ఎర్రగా వేయించి, ఉప్పుతో పొడి కొట్టి, గోంగూర ముద్ద వేసి కచ్చాపచ్చాగా నూరండి. మెత్తగా పేస్టు చెయ్యకండి. పైన ఇంగువ పోపు. ఇంట్లోకైతే వెల్లుల్లి వెయ్యండి, పచ్చి ఉల్లిపాయ ముక్క నంజుకోండి. గుడి వంటకైతే ఆ రెండూ లేకుండా ఇంగువతోనే.

అంత పచ్చడి ఎందుకనుకుంటే, ఆకుని నూనెలో మగ్గించి, చల్లారాక చిన్న సంచుల్లో పలచగా పరిచి ఫ్రీజర్లో పెట్టుకోండి. జనవరిలో బయట రెండడుగుల మంచు ఉన్నప్పుడు ఒక సంచి తీసి కందిపప్పులో వేస్తే, ఆ పూట ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు.

సొరకాయ, బీరకాయల్లో పారేసేది ఏమీ లేదు. లేత బీరకాయ చెక్కుతో పొట్టు పచ్చడి, సొర చెక్కు సన్నగా తరిగి నువ్వులేసి వేపుడు. ముదిరిన దోసకాయతో పప్పు, గట్టి దోసకాయతో ఆవపిండి వేసి దోసావకాయ.

అక్టోబరు. వాతావరణ వార్తల్లో 32 డిగ్రీల మాట వినపడిన సాయంత్రం, ఎన్ని పనులున్నా మానుకుని తోటలోకి వెళ్ళండి. ఉన్నదంతా కోసెయ్యండి. పచ్చి టమాటాలు బుట్టెడు మిగులుతాయి. కొంచెం రంగు తిరిగినవి కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే మెల్లగా పండుతాయి. పూర్తి పచ్చివి ముక్కలు కోసి, పచ్చిమిరపకాయలతో నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు, జీలకర్ర వేసి పచ్చడి చెయ్యండి. ఆ టమాటాకి పులుపు ఉంటుంది, చింతపండు చూసి వేసుకోండి. మా ఇంట్లో ఆ పచ్చడికి పేరే "మంచు పచ్చడి". ఏడాదికి ఒక్క రోజు చేసేది.

కరివేపాకు గురించి చీటీలు చాలా వచ్చాయి, రెండు ముక్కల్లో చెబుతాను. రాత్రి వేడి 50 డిగ్రీలకి దిగేలోపు కుండీ లోపలికి తేవాలి. చలికాలంలో ఆకు రాలుస్తుంది, చచ్చిపోయిందని పారెయ్యకండి. నీళ్ళు తగ్గించి, వెలుతురు ఉన్న కిటికీ దగ్గర ఉంచితే మార్చిలో చిగురేస్తుంది. ఇంకోటి, ఫ్లోరిడా లాంటి చోట్ల ఉన్న బంధువుల ఇంటినుంచి కరివేప మొక్క కారులో తేకండి. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులుని మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. అందుకే ఆ మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి.

విత్తనాల సంగతి కూడా అంతే. చీరల మడతల్లో గింజల పొట్లాలు తేవడం మనందరికీ తెలిసిన విద్యే. నేను కాదననూ, అవుననూ. కానీ నియమం ఏమిటంటే నాటే విత్తనానికి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, లేదా వ్యవసాయ శాఖ నుంచి కొద్దిపాటి విత్తనాల అనుమతి ముందుగా తీసుకోవాలి. ఏది తెచ్చినా కస్టమ్స్ వాళ్ళకి చెప్పాలి. పెద్దవాళ్ళు ఒక్కరే ప్రయాణం చేసి వస్తారు, భాష రాదు. ఒక గింజల పొట్లం కోసం వాళ్ళని అక్కడ నిలబెట్టించకండి. ఇప్పుడు మన కూరల విత్తనాలన్నీ ఈ దేశంలోనే అమ్ముతున్నారు.

గోంగూర విత్తనం మాత్రం ఇక్కడ తయారవదు, పూసేసరికి మంచు. నేను ఒక చిన్న ఉపాయం చేస్తాను. ఒక కుండీలో ఒక మొక్క పెంచి, జూలై మధ్య నుంచి సాయంత్రం ఆరింటికి చీకటి గరాజులో పెట్టి, పొద్దున ఎనిమిదింటికి బయట పెడతాను. ఆ శాస్త్రజ్ఞులు పొగాకుకి చేసిందే. పూతకొస్తుంది. చలి మొదలైతే కుండీ లోపలికి తెచ్చి కాయ ఎండనిస్తాను. ఇవాళ బయట బల్ల మీద ఉన్న గోంగూర గింజలు అలా వచ్చినవే.

అత్తయ్య 2012లో మళ్ళీ వచ్చారు. ఈసారి చిక్కుడు పెట్టలేదు. రెండు మడులు గోంగూర వేశారు. ఆగస్టులో పొద్దున్నే కోసి, కట్టలు కట్టి, వీధిలో నడుచుకుంటూ వెళ్ళి మూడు తెలుగు ఇళ్ళు, ఒక గుజరాతీ ఇల్లు వెతుక్కుని ఇచ్చి వచ్చారు. ఆవిడకి స్నేహితులు దొరికారు. శనివారాలు ఈ వంటశాలకి కూడా ఆవిడ కట్టలే వచ్చేవి, పాత సభ్యులకి గుర్తుండే ఉంటుంది. ప్రయాణం రోజున కారులో ఏమీ అనలేదు. నేనే అడిగాను, "ఏమంటారు అత్తయ్యా, చెయ్యి అచ్చొచ్చిందా?" అని. "చెయ్యిదేముందే, ఎండ తెలియాలి" అన్నారు.

ఆవిడ వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. ఇవాళ బల్ల మీద పెట్టిన పొట్లాలు తలా ఒకటి తీసుకోండి. పొట్లానికి ఇరవై గింజలున్నాయి. మే 20 దాటాక పెట్టండి. మిగిలిన కూర వంటశాలకి పట్టుకురండి, సొరకాయ అయితే నాలుక మీద చూసి మరీ తెండి. మీ ఇంటికి ఈ ఏడు పెద్దవాళ్ళెవరైనా వస్తుంటే, వాళ్ళు ఏదైనా వేసి అది రాకపోతే, "నాకు తెలియదు" అని ఊరుకోకండి. ఎందుకు రాలేదో కనుక్కుని, వాళ్ళు విమానం ఎక్కేలోపే చెప్పండి.